దక్షిణ ఫ్రాన్సు ద్రాక్షతోటలు – కాపుల కథ



మన ఆలంకారికులు కావ్యపాకములను చెప్పుచు ద్రాక్షాపాకమును ప్రత్యేకించి కొనియాడిరి. నోట నిడుకొన్నంతనే రసమిచ్చునది ద్రాక్షాపాకము. తొక్క యొలిచిన గాని రుచి తెలియనిది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టిన గాని సారము చిక్కనిది నారికేళపాకము. ద్రాక్షపండు తినువానికి శ్రమ లేదన్నమాట నిజమే. కాని దానిని పండించువాని శ్రమ యెట్టిదో ఆ పోలికలో లేదు. నేటి ప్రసంగమున నేను చెప్పబోవునది ఆ పండించువాని కథ.

నేను బడిలో పాఠములు చెప్పు దినములలో ఫ్రాన్సు దేశము వచ్చినప్పుడెల్ల "ముఖ్యమైన పంటలు – గోధుమ, ద్రాక్ష" అని యొక్క పంక్తితో దాటిపోయెడివాడను. పిల్లలును దానినే వల్లించి పరీక్షలలో వ్రాసెడివారు. ఉద్యోగము విరమించిన పిదప తీరికగా చరిత్రలను చదువగా, ఆ యొక్క పంక్తి వెనుక రెండువేల యేండ్ల కృషియు, ఒక తెగులును, ఒక తిరుగుబాటును దాగియున్నవని తెలిసినది. నాడు పిల్లలకు చెప్పని మాటను నేడు పెద్దలకు విన్నవించుచున్నాను.

ద్రాక్షరసమును పులియబెట్టగా వచ్చు మద్యమును గూర్చి ఈ వృద్ధుడు ముచ్చటించుట యేమని కొందరు శంకింపవచ్చును. మద్యపానమును మన ధర్మశాస్త్రములు నిందించినవి. దానిని నేను ప్రశంసింపను. ఆ దేశమున నది భోజనముతో బాటు పుచ్చుకొను పానీయము. లక్షల కుటుంబములకు జీవనాధారము. త్రాగువారి సంగతి యటుంచి, కాడి పట్టినవారి సంగతియే నేను చెప్పెదను. ఫ్రెంచివారు మనకు బొత్తిగా తెలియనివారును గారు. గోదావరి పాయ యొడ్డున నున్న యానాము 1954 వరకు వారి యేలుబడిలో నుండెను. అయినను వారి దేశమున రైతు ఎట్లు బ్రతికెనో మనలో పలువురు వినియుండరు.

ఫ్రాన్సు దేశపు దక్షిణాంచున మధ్యధరా సముద్రము కలదు. ఆ సముద్రతీరమున, తూర్పున రోన్ నది మొదలుకొని పడమట పిరనీ పర్వతముల దిక్కునకు వ్యాపించిన సీమకు లాంగ్‌దోక్ అని పేరు. ఆ సీమవారు తమ భాషలో "ఔను" అనుటకు "ఓక్" అనెడివారు గావున, "ఓక్ అను భాష" పేరే సీమకు పేరయ్యెను. నీమ్, మోంపెల్యే, బెజియే, నార్బొన్, కార్కసోన్ అనునవి యచ్చటి పట్టణములు. వీనికి దక్షిణమున పెర్పిన్యాన్ పట్టణము చుట్టును రూసియోన్ అను సీమ కలదు. నేడు ఈ రెండు సీమలను కలిపియే చెప్పుదురు.

ఆ నేల స్వభావమును మొదట తెలిసికొనవలెను. తీరమున మైదానము, దాని వెనుక మెట్టలు, వాని వెనుక కొండలు. మైదానమున ఒండ్రునేల కలదు గాని, మెట్టలన్నియు రాతిమయములు. ఒకచోట సున్నపురాయి, వేరొకచోట పలకరాయి, మరియొకచోట గులకరాళ్లు. కొండ చరియలపై సువాసన గల చిన్న పొదలు తప్ప వేరు వృక్షసంపద యంతగా లేదు. వేసవి యెండ తీవ్రము. ఆ దినములలో వాన దాదాపుగా లేదు. వర్షము శరదృతువునందును, శీతకాలమునందును వచ్చును; వచ్చినప్పుడు ఒక్కొక్కసారి వాగులు పొంగి ఊళ్లను ముంచునంత ఉద్ధృతముగా వచ్చును. వాయవ్యము నుండి త్రమోంతాన్ అను పొడిగాలి దినముల తరబడి వీచును.

ఇట్టి నేల గోధుమకు పనికిరాదు, పచ్చికకు పనికిరాదు. అయినను ద్రాక్షతీగెకు ఇది పుట్టినిల్లు వంటిది. దాని వేళ్లు రాతి పగుళ్లలో దూరి, లోతున నున్న తేమను వెదకికొనును. వేసవి యెండ పండునకు తీపి నిచ్చును. పొడిగాలి ఆకులపై తడి నిలువనీయక బూజు తెగులును కొంత యడ్డును. సారవంతమైన నేలయందు తీగె విరివిగా కాచును గాని పండు నీరసమగును. బీదనేలయందు తక్కువగా కాచును, పండు రసవంతమగును. కష్టపడి పెరిగిన బిడ్డ ప్రయోజకుడగునని మన పెద్దలు చెప్పుమాట ఈ తీగె విషయమున నిజమైనది.

ఆ సీమ కాపులు పందిళ్లు వేయరు. తీగెను మోకాలి యెత్తున కత్తిరించి, గిన్నె యాకారమున నాలుగైదు కొమ్మలు మాత్రము నిలిపి, చిన్న పొదవలె పెంచుట వారి పూర్వాచారము. శీతకాలమున కొమ్మలు నరకుదురు. వసంతమున చిగురు వచ్చును. జూన్ ప్రాంతమున పూత. ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు కోత. కోతకాలమున ఇల్లిల్లును తోటలలోనే యుండును. కరిన్యాన్, గ్రెనాష్, సిన్సో, సిరా, మూర్వేద్ర అనునవి నల్లద్రాక్ష జాతులు. ఫ్రోంతిన్యాన్ గ్రామమున పరిమళము గల మస్కట్ ద్రాక్షతో తియ్యని మద్యమును చేయుదురు. లిమూ అను పట్టణపు ప్రాంతమున నురుగులు గ్రక్కు తెల్లని మద్యము ప్రసిద్ధము.

ఈ కృషి నేటిది గాదు. క్రీస్తునకు పూర్వము 600 ప్రాంతమున గ్రీకులు మార్సెయ్ రేవును స్థాపించి ఆ తీరమునకు ద్రాక్షకృషిని తెచ్చిరి. క్రీ.పూ. 118లో రోమనులు నార్బొన్ పట్టణమును నెలకొల్పిరి. వారి కాలమున తోటలు విస్తరించెను. క్రీ.శ. 92లో డొమిషియన్ చక్రవర్తి, ధాన్యము తక్కువై ద్రాక్ష యెక్కువైనదని తలంచి, రాష్ట్రములందలి తోటలలో సగము పెరికివేయుడని యాజ్ఞాపించెను. పండినది యెక్కువైనదని తోటలు పెరికింపజూచుట రెండువేల యేండ్ల నాటి మాటయని గుర్తుంచుకొనుడు; ఈ కథలో నది మరల వచ్చును.

పదునేడవ శతాబ్దమున బెజియే పట్టణస్థుడగు పియేర్ పోల్ రికే అనునాతడు 1666లో నొక మహాకాలువకు పూనుకొనెను. పదునాల్గవ లూయీ రాజు దాని కనుమతి నిచ్చెను. మధ్యధరా సముద్రమును తూలూజ్ పట్టణముతో కలుపు ఆ కాలువ 240 కిలోమీటర్లు, అనగా సుమారు 150 మైళ్లు. రికే 1680లో మరణించెను. మరునాటి సంవత్సరమున కాలువ పూర్తియయ్యెను. తన ధనమంతయు దానిపై వెచ్చించి, తెరచుట చూడకయే పోయెను. లోనిసీమ సరకు పడవలపై నెక్కి రేవులకు చేరుటకు దారి యట్లు ఏర్పడెను. పందొమ్మిదవ శతాబ్దమున రైలు వచ్చెను. ఉత్తరపు పట్టణములందు, గనులందు, కర్మాగారములందు పనిచేయు కూలీలకు చవుక మద్యము కావలసివచ్చెను. లాంగ్‌దోక్ మైదానము దానిని సరఫరా చేయ పూనుకొనెను.

అప్పుడు మొదటి తప్పు జరిగెను. మెట్టలను విడిచి కాపులు మైదానపు ఒండ్రునేలలో తోటలు నాటిరి. అరామోన్ అను జాతి హెక్టారునకు, అనగా రెండున్నర యెకరములకు, 200 హెక్టోలీటర్లకు మించియు కాచును. హెక్టోలీటరన నూరు లీటర్లు. రసము పలుచన, రంగు తక్కువ. అయినను కొనువారు కలరు గదా యని దానినే నాటిరి. ధాన్యము, గొఱ్ఱెలు, ఓలివు చెట్లు వెనుకబడెను. సీమ యంతయు ఒక్క పంటపై నిలిచెను.

ఒక్క పంటపై నిలిచిన సీమ ఒంటికాలిపై నిలిచిన మనుష్యుని వంటిది. 1850 ప్రాంతమున బూడిద తెగులు వచ్చెను. మోంపెల్యేలోని ఆంరీ మరెస్ అను పండితుడు గంధకపు పొడి చల్లుట నేర్పగా నది యణగెను. కాని 1863లో నీమ్ పట్టణము గల గార్ జిల్లాలో, రోన్ నది చెంగటి తోటలలో, కారణము తెలియకయే తీగెలు ఎండజొచ్చెను. ఆకులు పసుపెక్కి రాలెను. రెండు మూడేండ్లకు తీగె చచ్చెను. పెరికి చూచిన వేళ్లు కుళ్లియుండెను. పురుగు మాత్రము కనబడలేదు. నేల శాపమని కొందరు, దైవాగ్రహమని కొందరు అనుకొనిరి.

1868 జూలైలో మోంపెల్యే వృక్షశాస్త్రాచార్యుడు ప్లాన్షోన్ మరి యిద్దరితో గూడి తోటలు పరీక్షించెను. చచ్చిన తీగెను గాక, ఇంకను బ్రతికియున్న తీగెను పెరికించెను. వేళ్లపై పసుపుపచ్చని సూక్ష్మకీటకములు గుంపులుగా నుండెను. తీగె చచ్చిన పిమ్మట అవి వేరొక తీగెకు పోవును; కావుననే చచ్చినవానిని పరీక్షించినవారికి నేమియు కనబడలేదు. ఇది ఫిలాక్సెరా అను పేను జాతి పురుగు. అమెరికా నుండి తెచ్చిన మొక్కలతో ఓడలపై వచ్చినది. తోటలలో నీరు నిలిపి దానిని ముంచిచూచిరి. నేలలో ఘాటైన ద్రవములు ఎక్కించిచూచిరి. సముద్రపు టిసుకలో పురుగు బ్రతుకలేదు గావున తీరపు టిసుక నేలలలో నాటిరి. ప్రభుత్వము 3 లక్షల ఫ్రాంకుల బహుమానమును ప్రకటించెను. అది చివరకు నెవ్వరికిని దక్కలేదు. 1875లో ఫ్రాన్సు దేశమున పండిన మద్యము 8 కోట్ల హెక్టోలీటర్లకు పైమాట. 1889లో నది 2½ కోట్లకును తక్కువ.

తుదకు మందు ఎచ్చట దొరకెను? విషము వచ్చినచోటనే. అమెరికా తీగె ఆ పురుగుతో పుట్టి పెరిగినది గావున దాని వేరు పురుగుకాటును సహించును. ఆ వేరుపై తమ పూర్వపు తీగె కొమ్మను అంటుకట్టిరి. మామిడి అంట్లు కట్టు మీకు దీనిని వివరింప నక్కరలేదు. ఈ పద్ధతిని బోధించుటకు మోంపెల్యే వ్యవసాయ పాఠశాల ముఖ్యస్థానమయ్యెను. లక్షల యెకరములలో ఒక్కొక్క మొక్కయే అంటు కట్టబడెను. తాతల నాటి తీగెను తన చేతులతో పెరికి, అప్పుతెచ్చి అంటు నాటిన కాపు మనస్సెట్లుండునో మీరే యూహింపుడు. అయినను ఆ పని నెరవేరెను. పురుగును విద్య జయించెను.

అంతటితో కష్టములు తీరలేదు. తోటలు ఎండిన కాలమున వర్తకులు వేరు దారులు త్రొక్కిరి. ఎండుద్రాక్షను నానబెట్టియు, పిండిన పిప్పిపై పంచదార నీరు పోసి మరల పులియబెట్టియు "ద్రాక్షామద్య"మని యమ్మిరి. సముద్రమున కావలనున్న అల్జీరియాలో ఫ్రెంచివారు కొత్త తోటలు నాటిరి. ఆ సరకును వచ్చిపడెను. 1903లో పంచదారపై పన్ను తగ్గగా కల్తీ మరింత సులభమయ్యెను. ఇంతలో అంటు తోటలన్నియు కాపునకు వచ్చి, వరుసగా పంటలు విరగపండెను. ధర పడిపోయెను. పంట పండినందుకే కాపు దివాలా తీసెను. గాదెలు నిండియుండగా ఇంట పొయ్యి వెలుగని వింత యది. పండినది యెక్కువగుట యొక కారణము, కల్తీ మరియొక కారణము. కాపుల కంటికి కల్తీయే ప్రధాన శత్రువుగా తోచెను; ఏలయన నది యన్యాయముగా గూడ నుండెను.

ఓడ్ జిల్లాలోని అర్జెలియే గ్రామమున మార్సెలిన్ ఆల్బేర్ అను నొక చిన్నకాపు ఉండెను. అతనికి కొద్దిపాటి తోటయు, ఒక కాఫీ అంగడియు కలవు. కల్తీని నిషేధింపుడని యాతడు ఏండ్లతరబడి అర్జీలు వ్రాసెను, ఆలకించినవారు లేరు. 1907 మార్చి 11వ తేదీన పార్లమెంటు విచారణసంఘము నార్బొన్‌నకు వచ్చినదని విని, 87 మంది గ్రామస్థులతో గూడి యాతడు నడచిపోయెను. అదియే మొదలు. ఆదివారము ఆదివారమును ఒక్కొక్క యూర సభలు జరిగెను. మొదట వందలు, పిదప వేలు. మే 5న నార్బొన్‌లో సుమారు 80 వేలు; మే 12న బెజియేలో లక్షన్నర; జూన్ 9న మోంపెల్యేలో 5 లక్షలకు పైబడిన జనము. నాడు ఫ్రాన్సు దేశమున నంతటి నిరసనసభ అపూర్వము. ధనికుడగు తోటదారును, దినకూలియు, రాజపక్షమువారును, సోషలిస్టులును ఒకే బాటను నడచిరి. మోంపెల్యే బిషప్పు స్త్రీలకును, పిల్లలకును రాత్రి తలదాచుకొన చర్చీలు తెరపించెను.

నార్బొన్ నగరాధ్యక్షుడు వైద్యుడగు ఫెరూల్. పన్నులు కట్టవద్దనియు, గ్రామసంఘములన్నియు రాజీనామా చేయవలెననియు నాయకులు పిలుపునిచ్చిరి. వందలకొలది గ్రామసంఘములు మూతపడెను. నాటి ప్రధాని క్లెమాన్సో సైన్యమును పంపెను. జూన్ 19న ఫెరూల్‌ను బంధించిరి. ఆ రెండు దినములలో నార్బొన్ వీథులలో సైనికులు కాల్పులు జరుపగా ఆరేడుగురు మరణించిరి. వారిలో అంగడి పనిమీద పట్టణమునకు వచ్చిన యిరువదేండ్ల పడుచు యొకతె కలదు.

ఆ వార్త విని ఆగ్‌ద్ పట్టణమున నున్న 17వ పదాతిదళమున సుమారు 500 మంది సైనికులు తిరుగబడిరి. వారు ఆ సీమ కాపుల బిడ్డలే. తమ తండ్రులపై, తోబుట్టువులపై తుపాకి యెత్తవలసివచ్చునని వారు భయపడిరి. రాత్రి రాత్రి నడచి బెజియే చేరి, ఆ కాలువ త్రవ్వించిన రికే పేరుగల వీథిలో మకాము వేసిరి. జనులు వారికి అన్నపానము లిచ్చిరి. ఆ సైనికు లెవ్వరిని హింసింపలేదు. మరునాడే మాటలతో లొంగి బారకాసులకు మరలిరి. ప్రభుత్వము వారిని ట్యునీసియా దేశమునందలి గఫ్సా అను ఎడారి పట్టణమునకు పంపివైచెను.

ఇక ఆల్బేర్ సంగతి వినుడు. అతడు పోలీసుల కన్నుగప్పి పారిసు చేరి, జూన్ 23న స్వయముగా క్లెమాన్సోను దర్శించెను. మాటకారియగు ప్రధాని మాటలకు కరగి కన్నీరు పెట్టెను. మరలిపోవుటకు రైలు ఛార్జీకని ప్రధాని యిచ్చిన నూరు ఫ్రాంకుల నోటును అమాయకుడై పుచ్చుకొనెను. ఆ మాటను పత్రికలవారి చెవిని వేయుట ప్రధానికి కష్టము కాలేదు. నిన్నటిదాక భుజములపై మోసిన జనులే అమ్ముడుపోయినవాడని యాతనిని దూషించిరి. 1921లో నాతడు బీదవాడై స్వగ్రామముననే మరణించెను. లంచము తినువాడు ఏండ్లతరబడి అర్జీలు వ్రాయుచు కూర్చుండునా యని యా కోపములో నెవ్వరును యోచింపలేదు. నాయకుని నెత్తుటకు ఏడాది పట్టును. దించుటకు ఒక్క పూట చాలును.

అయినను వారి శ్రమ వ్యర్థము కాలేదు. 1907 జూన్ 29న నొక శాసనము వచ్చెను. ప్రతి కాపును తన పంట యెంతో గ్రామకచేరీలో వ్రాయించవలెను. పంచదారపై అదనపు పన్ను వేయబడెను. ఆ సెప్టెంబరులో, తాజా ద్రాక్షపండ్లను గాని వాని రసమును గాని పులియబెట్టగా వచ్చినదే ద్రాక్షామద్యమని ప్రభుత్వము నిర్వచించెను. పండినదెంతో వ్రాతలో నుండగా, అమ్మినది దానికన్న నెక్కువైనచో కల్తీ బయటపడును. ఎంత సులభమైన యుపాయము! ఆ నెలలోనే ఫెరూల్ అధ్యక్షుడుగా కాపుల మహాసంఘము నార్బొన్‌లో నేర్పడి, కల్తీదారులను న్యాయస్థానముల కీడ్చుటకు పూనుకొనెను.

మరియొక మార్గమును కొందరు ముందే కనిపెట్టిరి. బెజియే సమీపమున మరోసాన్ గ్రామమున చిన్నకాపులు 1901లో సహకారసంఘము స్థాపించిరి. ఎవరి తోట వారిదే. మద్యమును నిలువచేయుట, అమ్ముట మాత్రము ఉమ్మడి. 1905లో ఉమ్మడి గిడ్డంగి కట్టుకొనిరి. పారిసులోని కార్మికుల సహకార భాండాగారములకు దళారి లేకయే తిన్నగా అమ్మిరి. ప్రసిద్ధ నాయకుడు జాన్ జోరెస్ ఆ యేడే వచ్చి చూచి మెచ్చుకొనెను. తరువాత నట్టి గిడ్డంగులు ఆ సీమయందు ఊరూరను వెలసెను; నేటికిని పెక్కు గ్రామములలో నవి పనిచేయుచున్నవి. ఒంటరికాపు ధర చెప్పినచోట కూర్చుండును. కలిసిన కాపులు ధర చెప్పుదురు.

ఇరువదవ శతాబ్దమున ఆ సీమ మరల నధికోత్పత్తితో బాధపడెను. 1976లో నార్బొన్ చెంతనున్న మోంత్రదోన్ వద్ద జరిగిన కాల్పులలో ఒక కాపును, ఒక పోలీసు అధికారియు మరణించిరి. 1988 తరువాత, తోట పెరికినవానికి ఐరోపా సమాజము డబ్బిచ్చెను. డొమిషియన్ యాజ్ఞ మరల వచ్చెను. ఈ మారు కొరడాకు బదులు రొక్కముతో. మిగిలిన కాపులు వెనుకకు తిరిగి, విడిచిన మెట్టలకే పోయిరి. తక్కువ పండించి మంచిది పండింపజొచ్చిరి. ఫితూ ప్రాంతపు మద్యమునకు 1948లోనే స్థలనామపు గుర్తింపు దొరకెను. ఫోజేర్, సాన్ షీన్యాన్ ప్రాంతములకు 1982లో, కోర్బియేర్, మినర్వ్వా ప్రాంతములకు 1985లో దొరకెను. ఫలాని యూరి నేలలో పండినదే ఆ యూరి పేరు ధరింపవలెనని దాని యర్థము.

నేడు వేరొక శత్రువు వచ్చినది. 2019 జూన్ 28న మోంపెల్యే సమీపమున 46 డిగ్రీల వేడిమి నమోదయ్యెను; మంట తగిలినట్లు ఆకులు, కాయలు మాడెను. 2025 ఆగస్టులో కోర్బియేర్ మెట్టలలో కార్చిచ్చు పుట్టి సుమారు 16 వేల హెక్టార్ల మేర వ్యాపించెను. పచ్చని ద్రాక్షతోట నిప్పును నిలువరించును. పెరికివేసిన తోటలచోట పొదలు మొలచి నిప్పునకు దారి యిచ్చెనని యచ్చటివారు వాపోయిరి. కాపు పండించునది పంట మాత్రమే కాదు. ఊరిని కాచుటయు నాతని పనియే యని తోట పోయిన పిదప తెలిసివచ్చెను.

పెద్దలారా! ఈ కథ పరదేశపుది. పంట మన పంట గాదు. అయినను ఇందులోని కాపు మన కపరిచితుడు గాడు. పురుగు వచ్చినప్పుడు విద్య యాతనిని రక్షించెను. కల్తీ వచ్చినప్పుడు ఐకమత్యము రక్షించెను. ఈ రెంటికిని లొంగనిది ఆశ యొక్కటే. ఎక్కువ పండించిన నెక్కువ వచ్చునను ఆశ నూరేండ్లలో నాతనిని మరల మరల ముంచెను. పొలము గట్టున కూర్చున్నప్పుడు మీ పిల్లలకు ఈ కథను చెప్పుడు. నేను బడిలో నొక్క పంక్తితో దాటివేసిన పాఠము మీ నోట నైనను పూర్తియగును గాక!